వ్యాసాలు వ్రాసి అనుచరులను సంపాదించిన పంతులుగారు



సంక్రాంతికి ఊరికి వచ్చిన నా పూర్వవిద్యార్థి ఒకడు తన వ్యాపారం సంగతులు చెబుతూ "ఆర్టికల్ మార్కెటింగ్" అనే మాట వాడాడు. అదేమిటి నాయనా అని అడిగాను. "ఏముంది మాస్టారూ, నలుగురూ చదివేచోట డబ్బు అడగకుండా వ్యాసాలు వ్రాసి ఇస్తాం. చివర మన పేరు, చిరునామా ఉంటాయి. నచ్చినవాళ్ళు వెతుక్కుంటూ వచ్చి ఫేస్‌బుక్‌లోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో చేరతారు. అట్లా ఫాలోయర్లు పెరుగుతారు" అన్నాడు. ఎంతమంది చేరారని అడిగితే వేలల్లో లెక్క చెప్పాడు. "రేపు నీ ఇంట్లో పెళ్ళి జరిగి, దానికి వస్తే ఊరు వెలివేస్తుందని తెలిస్తే, వీళ్ళలో ఎంతమంది వస్తారు?" అన్నాను. నవ్వి ఊరుకున్నాడు. మాస్టారుకి వయసు మీద పడిందనుకొని ఉంటాడు.

నేను ఊరికే అడగలేదు. 1881 డిసెంబరు 11 నాటి రాత్రి రాజమహేంద్రవరంలో ఒక ఇంట్లో జరిగిన పెళ్ళి నా మనస్సులో మెదిలింది. ఏడేళ్ళపాటు వ్యాసాలు వ్రాసి వ్రాసి పేరు సంపాదించిన ఒక బడిపంతులు, ఆ పేరుకు విలువ ఎంతో ఆ రాత్రి తేల్చుకోవలసి వచ్చింది. కందుకూరి వీరేశలింగం పంతులుగారి చరిత్ర మీలో చాలామందికి తెలిసినదే. అయినా ఆ చరిత్రను సంఘసంస్కరణగానో సాహిత్యంగానో చెప్పుకుంటాం గాని, వ్యాసాన్ని సాధనంగా చేసుకొని జనాన్ని కూడగట్టిన పద్ధతిగా చూడటం తక్కువ. ఈ పూట అట్లా చూద్దాం.

పంతులుగారు 1848 ఏప్రిల్ 16న రాజమహేంద్రవరంలో పుట్టారు. కోరంగిలో కొంతకాలం, తరువాత ధవళేశ్వరంలో ఉపాధ్యాయవృత్తిలో ఉన్నారు. అప్పటికి ఆయనకు సొంత పత్రిక లేదు, సొంత అచ్చుయంత్రం లేదు, వెనుక జమీందారు లేడు. ఉన్నది కలం ఒక్కటే. ఆ కలాన్ని మొదట ఇతరుల పత్రికలలోనే నడిపారు. బందరు నుంచి వెలువడుతున్న పురుషార్థప్రదాయినిలో స్త్రీవిద్యను సమర్థిస్తూ వ్రాశారు. ఎదుటి పక్షాన కొక్కొండ వేంకటరత్నం పంతులుగారు తమ ఆంధ్రభాషాసంజీవనిలో స్త్రీవిద్యను నిరసిస్తూ వ్రాశారు. ఈ వాదప్రతివాదాల వల్ల ధవళేశ్వరం బడిపంతులు పేరు ఆ ఊరి పొలిమేర దాటింది. నా విద్యార్థి చెప్పిన ఉపాయం ఇదే కదా! ఇతరుల అరుగు మీద కూర్చొని మాట్లాడటం, వినవచ్చినవాళ్ళను మన ఇంటికి పిలవటం.

ఆ ఇల్లు 1874 అక్టోబరులో కట్టుకున్నారు. దాని పేరు వివేకవర్ధని. అప్పటికి ఆయన వయస్సు ఇరవై ఆరేళ్ళు. అదే సంవత్సరం ధవళేశ్వరంలో బాలికల పాఠశాల కూడా తెరిచారు. వ్రాసిన మాటకు ఎదురుగా చేతలోనూ ఏదో ఒకటి చూపించటం మొదటి నుంచీ ఆయన అలవాటు. ఇది గుర్తుంచుకోండి, తరువాత పనికివస్తుంది. పత్రికను మొదట్లో చెన్నపట్నంలో అచ్చు వేయించవలసి వచ్చేది. రాజమహేంద్రవరానికి అప్పటికి రైలు లేదు. వ్రాతప్రతి అక్కడికి చేరి, అచ్చై, తిరిగి ఇక్కడికి చేరి, ఆ తరువాత చందాదారులకు అందటమంటే ఎంత ఆలస్యమో ఊహించుకోవచ్చు. అందుకే కొద్దికాలానికే మిత్రుల తోడ్పాటుతో రాజమహేంద్రవరంలోనే ముద్రాక్షరశాల పెట్టుకున్నారు. అచ్చు తన చేతికి వచ్చాక ఇవాళ జరిగిన సంగతిని ఇవాళే వ్రాసి, వేడి చల్లారకముందే ఊరిమీదికి వదలటం సాధ్యమైంది.

ఇక్కడ నావంటి పండితశిక్షణ పొందినవాడు కొంచెం ఆగవలసిన విషయం ఒకటి ఉంది. పంతులుగారు సులభశైలిలో పుట్టి పెరిగినవారు కారు. శుద్ధాంధ్ర నిరోష్ఠ్య నిర్వచన నైషధం వ్రాసిన మనిషి ఆయన. అంటే సంస్కృతపదం రాకూడదు, పెదవులు కలిసే అక్షరం రాకూడదు, మధ్యలో వచనం రాకూడదు! ఇంతటి గారడీ చేయగల చేయి అది. చిన్నయసూరి నీతిచంద్రికలో మిత్రలాభ, మిత్రభేదాలు మాత్రమే వ్రాసి వదిలితే, మిగిలిన సంధి, విగ్రహాలను సూరిశైలికి దీటుగా పూర్తిచేయాలని పంతులుగారు పూనుకున్నారు. కొక్కొండవారూ విగ్రహతంత్రం వ్రాశారు. విగ్రహమంటే యుద్ధం. ఇద్దరి మధ్య యుద్ధానికి అంకురం అక్కడే పడిందని నేను అనుకుంటాను. ఇద్దరూ ఒకే గడపలో చదువుకున్నవాళ్ళే, ఒకే సూరిని ఆరాధించినవాళ్ళే. కొక్కొండవారు ఆ గడప దిగలేదు. పత్రికలో వార్త వ్రాసినా గ్రంథంలాగే వ్రాశారు. పంతులుగారు మాత్రం పత్రిక నడుపుతున్నకొద్దీ మెట్టు మెట్టుగా దిగివచ్చారు. చదివేవాడికి అర్థం కానిది ఎంత గొప్పగా ఉండీ ఏమి లాభమని గ్రహించారు. నిజం చెప్పాలంటే, నా చదువును బట్టి నేను కొక్కొండవారి పక్షాన పుట్టినవాణ్ణి. ముప్ఫై ఏళ్ళు బాలవ్యాకరణం చెప్పాను. ఆ కాలంలో ఉండి ఉంటే ఏ పత్రికకు చందా కట్టేవాణ్ణి? సంజీవనికే కట్టేవాణ్ణేమో. కాని చాటుగా ఎవరింట్లోనో వివేకవర్ధని అడిగి తెచ్చుకొని చదివేవాణ్ణి.

ఎందుకంటే చదివించే గుణం దానికి ఉంది. ఆ పత్రిక ఎత్తుకోవటం నీతిబోధతో ఎత్తుకున్నా, జనం దాని కోసం ఎదురుచూసింది నీతి కోసం కాదు. కచేరీలలో ఎవరు లంచం పుచ్చుకుంటున్నారు, ఏ వకీలు ఏ దొంగసాక్ష్యం పుట్టిస్తున్నాడు, పురపాలకసంఘంలో ఏ గోల జరుగుతున్నది, ఏ పెద్దమనిషి ఇంట్లో భోగంమేళం ఏర్పాటైంది - ఇవి కదా ఊరికి కావలసిన ముచ్చట్లు. పంతులుగారు వాటిని నదురుబెదురు లేకుండా వ్రాశారు. పత్రికకు అనుబంధంగా హాస్యసంజీవని వచ్చింది. కొక్కొండవారి వైపు హాస్యవర్ధని ఉంది. ఒకరి పత్రిక పేరులోని ముక్కను మరొకరు ఎగతాళికి వాడుకున్నారన్నమాట. ఈ పేర్ల కొట్లాట ఊళ్ళో ఎంత నవ్వు పుట్టించిందో ఏ పుస్తకమూ కొలిచి చెప్పలేదు. హాస్యసంజీవనిలోనే 1876లో బ్రాహ్మవివాహం అనే ప్రహసనం వచ్చింది. జనం దాన్ని పెద్దయ్యగారి పెళ్ళి అన్నారు. కాటికి కాళ్ళు చాచుకున్న ముసలివాడికి డబ్బు పుచ్చుకొని పిల్లను కట్టబెట్టే ఆచారాన్ని అందులో వీధికెక్కించారు. 1880 నాటి వ్యవహారధర్మబోధినిలో వకీళ్ళ లీలలు వ్రాశారు. దాన్ని ఆ ఏడే విద్యార్థులచేత రంగం మీద ఆడించారు కూడా. చదవటం రానివాడు సైతం వచ్చి కూర్చొని చూడవచ్చు. వ్యాసం కాగితం దిగి గజ్జె కట్టటమంటే ఇదే. ఈ రెంటిలోనూ భాష పాత్రోచితంగా వాడుకమాటలోనే ఉంటుంది. నిరోష్ఠ్యం వ్రాసిన చేతి నుంచి!

1878 నుంచి రాజశేఖరచరిత్రము పత్రికలో భాగాలుగా వచ్చింది. గోల్డ్‌స్మిత్ వ్రాసిన వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్ ఛాయలో మొదలైనా, లోపల ఉన్నది అచ్చంగా గోదావరి తీరం. శకునాలు, సువర్ణయోగాలు, అప్పులు, ఇచ్చకాలమారి చుట్టాలు. కథ సగంలో ఆగితే తరువాతి సంచిక కోసం చందాదారు ఎదురుచూడక ఏమి చేస్తాడు? 1880లో పుస్తకమైంది. 1887లో ఇంగ్లీషులో ఫార్చ్యూన్స్ వీల్ పేరుతో లండనులో అచ్చయింది. ఈ పుస్తకాన్ని తరగతిలో చెప్పినప్పుడల్లా పిల్లలు శాస్త్రచర్చల దగ్గర ఆవులించి, జ్యోతిష్కుడు మోసం చేసే చోట లేచి కూర్చునేవాళ్ళు. నూరేళ్ళ కిందటి చందాదారు కూడా వాళ్ళవలెనే ఉండి ఉంటాడని నాకు నమ్మకం.

అంటే జనం లంచాల కబురు కోసం వచ్చారు, నవ్వు కోసం వచ్చారు, కథ కోసం వచ్చారు. వాళ్ళు వచ్చి కూర్చున్నాక పంతులుగారు తన మందు తీశారు. 1879 ఆగస్టు 3న రాజమహేంద్రవరంలో వితంతు వివాహం మీద మొదటి ఉపన్యాసం చేశారు. బాలవితంతువుకు మళ్ళీ పెళ్ళి చేయటం శాస్త్రసమ్మతమేనని వాదం. వంగదేశంలో ఈశ్వరచంద్ర విద్యాసాగరులు పరాశరస్మృతిని ఆధారం చేసుకొని అప్పటికి పాతికేళ్ళ కిందటే ఇదే వాదం చేశారు. 1856లో చట్టం కూడా వచ్చింది. చట్టం వచ్చింది గాని గోదావరి జిల్లాలో ఒక్క పెళ్ళీ కాలేదు. ఉపన్యాసాన్ని అచ్చువేసి పంచారు. శాస్త్రులు ఖండనలు వ్రాశారు. పంతులుగారు ఆ ఖండనలను ఖండించారు. ఇప్పటి భాషలో చెప్పాలంటే అంతకంటే ప్రచారం ఏముంటుంది? ఎదుటివాడు తిట్టిన ప్రతి తిట్టూ ఈయన పేరును ఒక ఊరు ముందుకు నెట్టింది. నాకు మాత్రం ఇక్కడ ఒక అనుమానం కలుగుతుంది. ఆ శాస్త్రచర్చలు ఒక్క శాస్త్రి మనసునైనా మార్చాయా? మార్చినట్లు నేను ఎక్కడా చదవలేదు. మారినవాళ్ళు పక్కన నిలబడి వింటున్న పిల్లలు.

ఈ సంగతి దగ్గర కొంచెం నిలబడదాం. పంతులుగారికి పత్రిక ఒక్కటే కాదు, తరగతిగది కూడా ఉంది. ధవళేశ్వరం వదలి రాజమహేంద్రవరంలో తెలుగు పండితులుగా చేరాక ఆయన వ్రాసినది చదివే కుర్రవాడే మరునాడు పొద్దున ఆయన ఎదుట బెంచీమీద కూర్చునేవాడు. 1878లో ప్రార్థనసమాజం పెట్టారు, అక్కడికీ ఆ కుర్రవాళ్ళే వచ్చారు. ఆత్మూరి లక్ష్మీనరసింహంగారు, బసవరాజు గవర్రాజుగారు వంటి మిత్రులు తోడుగా నిలిచారు. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయం చేశారు. చందాదారుల పట్టీతో పోలిస్తే ఈ పట్టీ చాలా చిన్నది. అనుచరుడంటే వెనుక నడిచేవాడని కదా అర్థం. చదివేవాడు కూర్చొనే చదవవచ్చు. వెనుక నడవాలంటే లేవాలి.

1881 డిసెంబరులో లేవవలసిన రోజు వచ్చింది. కృష్ణాజిల్లా తిరువూరు ప్రాంతం నుంచి గౌరమ్మ అనే బాలవితంతువును తీసుకొనివచ్చారు. వరుడు గోగులపాటి శ్రీరాములు. 11వ తేదీ రాత్రి పంతులుగారి ఇంట్లోనే పెళ్ళి. పురోహితుణ్ణి కుదర్చటమే ఒక యజ్ఞమైంది. వంటబ్రాహ్మణులు రాలేదు, నీళ్ళు మోసేవాళ్ళు రాలేదు. అల్లరి జరుగుతుందన్న భయంతో పోలీసు బందోబస్తు పెట్టవలసి వచ్చింది. విద్యార్థులు కాపలా కాశారు. పత్రిక చదివి మెచ్చుకున్న పెద్దమనుషులలో కొందరికి ఆ రాత్రి హఠాత్తుగా పొరుగూళ్ళలో పనులు తగిలి ఉంటాయి. ఇది నా ఊహ. పెళ్ళి మాత్రం జరిగింది. నాలుగు రోజులకు, 15వ తేదీన, రెండవ పెళ్ళి కూడా జరిగింది.

తరువాత వెలి వచ్చింది. పెళ్ళికి వచ్చినవాళ్ళను, భోజనం చేసినవాళ్ళను కులం నుంచి బహిష్కరిస్తూ పీఠం నుంచి ఆజ్ఞలు వెలువడ్డాయి. ఇంట్లో ఆబ్దికానికి భోక్త దొరకడు, పిల్లకు సంబంధం రాదు, చనిపోతే మోసేవాళ్ళు ఉండరు. అప్పటిదాకా వెంట ఉన్నవారిలో కొందరు వెళ్ళి ప్రాయశ్చిత్తం చేసుకొని మళ్ళీ కులంలో కలిశారు. వాళ్ళను నేను తప్పుపట్టలేను. ముసలి తల్లి ఏడుస్తుంటే, ఆడపిల్ల పెళ్ళి ఆగిపోతుంటే వ్యాసంలోని వాదం ఎంతసేపు నిలబెడుతుంది మనిషిని? పంతులుగారు స్వీయచరిత్రములో ఈ ఘట్టాలు చెప్పేటప్పుడు మనస్సు కష్టపెట్టుకోవటం కనిపిస్తుంది. ఆయన స్వభావం ఆయనది. కాని నాకు ఆశ్చర్యం కలిగించేది వెళ్ళిపోయినవాళ్ళు కాదు, వెళ్ళిపోకుండా ఉన్నవాళ్ళు. ఆయన జీవితకాలంలో సుమారు నలభై వితంతు వివాహాలు జరిపించారంటారు. ప్రతి ఒక్కదాని వెనుకా ఇద్దరు వధూవరులు, ఒక తల్లో అన్నో, పురోహితుడు, వడ్డించినవాళ్ళు. లెక్కవేస్తే కొన్ని వందల మంది. కొన్ని వందలే.

ఇంకొక రకం అనుచరులు కూడా పుట్టుకువచ్చారు. వాళ్ళను మనకు పట్టి ఇచ్చినవారు గురజాడవారు. 1892లో ప్రదర్శించి 1897లో అచ్చువేసిన కన్యాశుల్కంలో గిరీశం వితంతు వివాహం మీద ఎంత ధారాళంగా ఉపన్యసిస్తాడు! ఉద్యమం మాటలన్నీ అతనికి నోటికి వచ్చు. సందర్భానికి తగినట్లు సంఘసంస్కర్త కాగలడు. పంతులుగారి వ్యాసాలు చదివి బాగుపడ్డవాళ్ళు ఎందరో గాని, వాటిలోని మాటలు వంటబట్టించుకొని సొంతపని చక్కబెట్టుకున్నవాళ్ళు కూడా ఉండబట్టే గిరీశం పుట్టాడు. పేరు పెరిగిన ప్రతిచోటా ఈ శాల్తీ తయారవుతుంది. ఇది పంతులుగారి లోపం కాదు. కాని పది సంవత్సరాల వ్యవధిలో ఉద్యమానికి గిరీశం దొరికాడంటే ఆ వ్యాసాలు ఎంత దూరం ప్రయాణించాయో చెప్పటానికి అంతకంటే గట్టి సాక్ష్యం అక్కరలేదు.

తరువాతి కాలంలో పంతులుగారి పద్ధతి కొంత మారింది. 1883లో స్త్రీల కోసం సతీహితబోధిని ప్రారంభించారు. 1890ల తొలినాళ్ళలో న్యాపతి సుబ్బారావుగారి చింతామణి పత్రికతో కలిసి పనిచేశారు. చింతామణి నవలలకు బహుమతులు ప్రకటించింది. చిలకమర్తి లక్ష్మీనరసింహంగారి రామచంద్రవిజయం అట్లా బహుమతి పొంది వెలుగులోకి వచ్చినదే. చదువరులను పోగుచేయటం నుంచి రచయితలను పోగుచేయటానికి అడుగు పడిందని నాకు తోస్తుంది. ప్రెసిడెన్సీ కళాశాలలో కొక్కొండవారు తెలుగు చెప్పిన చోటనే తరువాత పంతులుగారూ తెలుగు చెప్పారు. కాలానికి కూడా హాస్యసంజీవని ఉన్నట్లుంది. 1919లో, కన్నుమూయటానికి కొద్ది నెలల ముందు, వ్యావహారికభాషా ప్రవర్తన కోసం ఏర్పడిన సమాజానికి ఆయన అధ్యక్షత వహించారు. నిరోష్ఠ్యం దగ్గర బయలుదేరిన మనిషి అక్కడికి చేరారు. ఆ దారి పొడవునా ఆయనను నడిపింది పత్రిక చదివేవాడి మొహమే అని నా అభిప్రాయం. ఎవరికైనా భిన్నాభిప్రాయం ఉంటే సంతోషంగా వింటాను.

ఒక మనిషి గురించి చెప్పకుండా ముగిస్తే నాకు నిద్రపట్టదు. ఆ మొదటి పెళ్ళినాడు వంటవాళ్ళు రానప్పుడు వంట ఎవరు చేశారు? నీళ్ళవాళ్ళు రానప్పుడు నీళ్ళు ఎవరు తెచ్చారు? పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు. పుట్టింటి పేరు బాపమ్మ. గోదావరి నుంచి బిందెలతో నీళ్ళు మోసుకొనివచ్చి, వండి, వడ్డించారు. ఆ రోజు ఒక్కటే కాదు, తరువాత పెళ్ళిళ్ళకూ అంతే. ఆశ్రయం కోసం వచ్చిన వితంతువులను సొంతబిడ్డల్లా ఇంట్లో పెట్టుకున్నదీ ఆమే. ఆమెకు పిల్లలు లేరు. 1910లో వెళ్ళిపోయారు. పంతులుగారు ఏడేళ్ళు వ్యాసాలు వ్రాసి ఊరంతటినీ ఒప్పించటానికి ప్రయత్నిస్తుంటే, ఆ ఇంట్లోనే ఒక మనిషి ఏ వ్యాసానికీ ఖండన వ్రాయకుండా, ఏ సభలోనూ మాట్లాడకుండా, చివరికి బిందె ఎత్తుకొని రేవుకు నడిచారు.

మా కుర్రవాడు ఉగాదికి మళ్ళీ వస్తానన్నాడు. స్వీయచరిత్రము రెండు భాగాలూ ఇచ్చి పంపాలనుకుంటున్నాను. మొదటి భాగానికి బైండింగు ఊడిపోయింది. అతను వచ్చేలోగా కుట్టించాలి.